వెనక్కి తిప్పిన బావమరిది ఇల్లు

టీకొట్టు దాకా నడిచేలోపు కోపం కాస్త తగ్గుతుందనుకుంది కుట్టుపని అక్క. తగ్గలేదు. మలుపు తిరగ్గానే ఆ గొంతు వినబడి, ఉన్న కోపం కాస్తా రెట్టింపయింది.

ఆ గొంతు సర్వం బాబాయ్‌ది. కరెంటు మీటర్ల ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయిన మనిషి. "సర్వం నాకు తెలుసు" అనకుండా నోరు తెరవడు గనక వీధి వీధంతా ఆయనకి ఆ పేరే ఖాయం చేసింది. చేతిలో పని లేకపోయేసరికి ఇంటింటికీ వెళ్ళి కంప్యూటర్లు శుభ్రం చేస్తానని బయల్దేరాడు. పిలిచినా వెళ్తాడు, పిలవకపోయినా వెళ్తాడు. అక్క ఇంటికి పిలవకుండానే వెళ్ళాడు.

అక్క ఇల్లు నిలబడ్డదే ఎంబ్రాయిడరీ మెషీను మీద. ఆ మెషీనుని నడిపేది ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్. ఆసుపత్రి నర్సుల కోట్ల జేబుల మీద పేర్లు కుట్టి రేపు పొద్దున్నే అప్పజెప్పాలి. ఆలస్యమైతే ఆ పని బజారులో పెద్ద షాపుకి ఇచ్చేస్తామని వాళ్ళు మొహమాటం లేకుండా చెప్పేశారు. ఇలాంటి వేళ చూసుకుని కంప్యూటర్ నిన్న తనంతట తాను ఏదో అప్‌డేట్ వేసుకుంది. వేసుకున్నాక మెషీనుని గుర్తుపట్టడం మానేసింది.

మెషీను కంపెనీ కుర్రాడు ఫోన్లో ధైర్యం చెప్పాడు. "కంప్యూటర్ తను బాగున్న రోజుల్ని అప్పుడప్పుడు దాచిపెట్టుకుంటుందమ్మా. రిస్టోర్ పాయింట్లంటారు. ఒకటి పట్టుకుని పోయిన వారానికి వెనక్కి వెళ్దాం" అన్నాడు. తెరిచి చూస్తే ఒక్కటీ లేదు. "ఎవరో ఆపేసినట్టున్నారు. మా పెద్దవాళ్ళని అడిగి మళ్ళీ చేస్తాను" అని పెట్టేశాడు. ఎవరో ఏమిటి? ఆ కంప్యూటర్ ముందు ఆమె కాక కూర్చున్నది ఒకే ఒక్క మనిషి.

"బాబాయ్, నా కంప్యూటర్లో రిస్టోర్ పాయింట్లు కనబడటం లేదు. ఏమయ్యాయి?"

"ఓస్, అంతేనా!" బాబాయ్ బెంచీ మీద వెనక్కి వాలాడు. "పోయిన రిస్టోర్ పాయింట్లని బయటికి లాగడం నాకు ఎడమచేతి పని. కూర్చో అమ్మాయ్. మా బావమరిది ఇంట్లో ఏమైందో చెప్తాను, నీకే అర్థమవుతుంది."

అక్క కూర్చోలేదు. కానీ వెళ్ళనూ లేదు. ఒకవేళ నిజంగానే తెలుసేమో అన్న పాడు ఆశ ఒకటి కాళ్ళకి అడ్డం పడింది.

"అచ్చం ఇలాగే, జాబితా తెరిస్తే తుడిచిపెట్టిన పళ్ళెం. మా బావమరిది తల పట్టుకుని కూర్చున్నాడు. నేను వాడిని అవతలికి నెట్టి, మౌసు కూడా ముట్టుకోకుండా, దాని మొహంలోకి సూటిగా చూసి, 'ఏవే, దాచుకున్న రోజులన్నీ ఏం చేశావ్?' అన్నాను. గడగడా వణికి ఒకటి బయటపెట్టింది. పోయిన వారానిది. నొక్కాను. కంప్యూటర్ బాగుపడింది."

"బాగుపడిందా! అయితే కథ అయిపోయినట్టేగా" అన్నాడు పక్కన టీ తాగుతున్న ప్లంబరు.

"ఎక్కడయ్యా అయిపోవడం? ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాకు కోపమొచ్చింది! నాలాంటి వాడు అడిగితే ముష్టి వేసినట్టు ఒక్కటే పడేస్తుందా? దాని నెత్తి మీద ఒక్కటిచ్చాను. అంతే, పాత పాయింట్లన్నీ జలజలా రాలాయి. వాటిలో ఒకటి నొక్కితే, అది కంప్యూటర్‌తో ఆగలేదు, మా బావమరిది బట్టతల మీద జుట్టు మొలవడం మొదలెట్టింది! వెనకనించి పాకుతూ పాకుతూ వచ్చి సరిగ్గా నుదుటి మీద ఆగింది."

"ఏ రంగు బాబాయ్?" టీకొట్టు ఓనరు గరిటె ఆపాడు.

"నలుపు! నిగనిగలాడే నలుపు! మధ్యలో మాట్లాడకు. ఇంకోటి నొక్కాను. పై వాటా మాయం. అక్కడ అద్దెకున్నాయన ఒళ్ళంతా సబ్బు నురగతో, చెంబు చేతిలో ఉండగానే మా మధ్యలోకి దిగి, 'ఓనరు గారూ, నీళ్ళు ఆగిపోయాయండీ' అంటాడు. నీళ్ళు కాదయ్యా, నీ వాటాయే ఆగిపోయింది అన్నాను. ఇంతలో మా బావమరిది పెళ్ళాం వంటింట్లోంచి వచ్చి, 'ఎవరండీ మీరంతా? మా నాన్నగారు ఇంట్లో లేరు' అంది. పెళ్ళి ఇంకా కాలేదు మరి! వాడేమో నా చెవిలో, 'బావా, ఇక్కడే ఆపెయ్, ఇంకోసారి ఆలోచించుకుంటాను' అంటాడు."

బెంచీ మీద నవ్వులు. ఫొటో స్టూడియో ఆయన టీ ఒలకబోసుకున్నాడు. అక్క పళ్ళు బిగించింది. ఇంట్లో కోట్లు కుప్పగా పడున్నాయి. ఇక్కడ ఈయన బావమరిదికి జుట్టు మొలిపిస్తున్నాడు.

"ఆపమంటే నాకు ఇంకా మండింది. ఫెడీమని నొక్కాను. ఇల్లు లేదు, వీధి లేదు, అంతా చెరువు! నడుం లోతు నీళ్ళలో నేను, నా నెత్తిన కంప్యూటర్."

"మరి కరెంటెక్కడిది?" అన్నాడు టీకొట్టు ఓనరు.

"నా కోపంతో నడిచిందిరా! అయినా వదిలానా? ఇంకో నొక్కు. చెరువు పోయింది, చెట్టూ చేమా పోయాయి. కిందికి చూద్దును గదా, భూమి ఇంకా ఆరలేదు! తడి సిమెంటులా కాలికి అంటుకుంటోంది. ఇదుగో, ఈ అరికాలి ముద్ర ఇప్పటికీ ఏదో ఒక కొండ మీద ఉంటుంది, వెళ్ళి చూసుకోండి."

సరిగ్గా అప్పుడే అక్క ఫోన్ మోగింది. కంపెనీ కుర్రాడు. ఆమె వింది. "ఇంకేం దారి లేదా బాబూ?" అని ఒక్కసారే అడిగింది. పెట్టేసింది.

"బాబాయ్, మొన్న మా ఇంటికొచ్చి ఆ పాయింట్లని దాచిపెట్టే సిస్టమ్ ప్రొటెక్షన్ అనేదాన్ని నువ్వే కదా ఆపింది?"

"నేనే!" బాబాయ్ రొమ్ము విరుచుకున్నాడు. "డిస్కంతా అదే తినేస్తోంది. అయిపోయిన రోజుల్ని మూటగట్టుకుని కూర్చుంటే కంప్యూటర్ నడవొద్దూ? ఈ వీధిలో ఏ ఇంట్లోనూ ఉంచలేదు."

స్టూడియో ఆయన గ్లాసు కింద పెట్టాడు. "మా స్టూడియోలో కూడానా?"

"మొదలెట్టిందే అక్కడ!"

"దాన్ని ఆపితే దాచిన పాయింట్లన్నీ అక్కడికక్కడే చెరిగిపోతాయట" అంది అక్క. "ఇక ఎవరి తరమూ కాదట. భూమి ఆరకముందు దాకా వెళ్ళొచ్చావు కదా బాబాయ్? నాకు అంత దూరం వద్దు. పోయిన మంగళవారం చాలు. ఆ ఒక్క రోజు తెచ్చిపెట్టు."

బాబాయ్ కండువా సర్దుకున్నాడు. "అంటే... మా బావమరిదిది వేరే కంపెనీ కంప్యూటర్ అమ్మాయ్..."

ప్లంబరు పగలబడి నవ్వాడు. అక్క అటు తిరిగింది.

"నవ్వొస్తోందా? మీకు పొద్దుపోవడానికి ఈయన కోతలు కావాలి. ఈయన కోతలు విని విని, నిజంగానే ఏదో తెలుసనుకుని నేను కుర్చీ వేసి కూర్చోబెట్టాను. కళ్ళు పోయేలా కుట్టి ఈ పని సంపాదించుకున్నాను నేను. డిస్కులో చోటు లేదని నీకు చెప్పానా బాబాయ్? చెయ్యమని అడిగానా? నాకు తెలియదు అని ఒక్క మాట అంటే నీ నోరు అరిగిపోతుందా?"

స్టూడియో ఆయన అప్పటికే చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పరుగెత్తాడు. మిగతావాళ్ళు టీ వైపు చూస్తూ కూర్చున్నారు.

"లే బాబాయ్."

"ఎక్కడికి?"

"మా ఇంటికి. మెషీను కుట్టదు. చేత్తో కుట్టాలి."

"నాకు... కుట్టడం రాదమ్మా."

ఆయన నోటివెంట రాదు అన్న మాట ఆ వీధి వినడం అదే మొదలు. టీకొట్టు ఓనరు పొయ్యి కూడా తగ్గించాడు, సరిగ్గానే విన్నానా అని.

"నేర్పుతాను. పద" అంది అక్క.

ప్లంబరు కూడా వెళ్ళాడు, నవ్విన పాపానికి. ముందు గదిలో నేల మీద కూర్చుని, మోకాళ్ళ మీద తెల్లకోట్లు పరుచుకుని ముగ్గురూ సూదులు పట్టారు. బాబాయ్ దారం ఎక్కించడానికే చెమటలు కక్కాడు. వేలికి సూది గుచ్చుకుంది. కాసేపటికి గొంతు సవరించుకున్నాడు.

"అసలు సూది అంటే గుర్తొచ్చింది. ఒకసారి నడి సముద్రంలో ఓడ తెరచాప చిరిగిపోతే..."

అక్క తలెత్తకుండా చెయ్యి చాపి ఆయన ఒళ్ళో కోటు లాక్కుంది. జేబు మీద మొదటి అక్షరం నిటారుగా ఉంది. రెండోదానికి కాస్త మెడ వంగింది. అక్కడినించి పేరు పేరంతా కిందికి జారిపోయింది. కోటు మళ్ళీ ఆయన ఒళ్ళో పడేసింది.

"విప్పు."

బాబాయ్ ఓడని నడి సముద్రంలోనే వదిలేశాడు. దారం కొస వెతుక్కుంటూ, ఎన్నడూ లేనంత చిన్న గొంతుతో అడిగాడు. "ఎక్కడి దాకా విప్పాలమ్మా?"

"తప్పు మొదలైన చోటి దాకా."