గడ్డమున్న కొడుకు

తావ్‌మెయ్‌కి అప్పుడు ఇరవై తొమ్మిది. అన్నం గిన్నె చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడే తినేది, ఎవరు కూర్చోమన్నా కూర్చునేది కాదు. నువ్వడిగావు కాబట్టి చెబుతున్నానమ్మాయ్, బావగారి కొడుకుని దత్తు తీసుకోమని మీవాళ్లు నిన్నూ పోరుతున్నారుగా. ఆ టీ ఇలా ఇవ్వు, చల్లారిపోతోంది. మా పక్కిల్లే తావ్‌మెయ్ వాళ్లది. మొగుడు ఆమెకంటే బాగా పెద్ద. పిల్లల్లేరు. పడవల రేవులో ఎవరో గుడ్డలో చుట్టి పారేసిన ఆడపిల్లని ఎత్తుకొచ్చి ఈమె ఒళ్లో పెట్టాడు. అజిన్ అని పిలుచుకున్నారు. గంజి పట్టి బతికించుకుంది తావ్‌మెయ్. మంచోడే పాపం ఆయన. దగ్గు పట్టుకుని పోయాడు.

శవం ఇంకా ఇంట్లోనే ఉంది, పెద్దలంతా చేరారు, శవం ముందు ధూపపు గిన్నె ఎవరు పట్టుకు నడవాలో తేల్చడానికి. పట్టినవాడిదేగా ఇల్లూ పొలమూ! "నా కూతురు పడుతుంది" అంది తావ్‌మెయ్. వంశపెద్ద లియాన్ తాత ముక్కుపొడుం పీల్చి, "రేవులో దొరికిన రక్తం అన్నం పెడితే మన పూర్వీకులు ముట్టుకోరమ్మా" అన్నాడు. ఆ పూర్వీకులొచ్చి ఈయన చెవిలో చెప్పారు కాబోలు! తావ్‌మెయ్ బావగారి రెండో కొడుకు గుయిషెంగ్‌ని దత్తుకని తెచ్చి నిలబెట్టారు. నలభై ఏళ్లవాడు, బొడ్డుదాకా గడ్డం, ఇద్దరు పిల్లల తండ్రి. వరస కుదిరింది, ఇంక వయసుతో పనేముందన్నారు. వాడు ఆమె ముందు మోకాళ్లమీద పడి "అమ్మా!" అన్నాడు. మేం ఆడాళ్లమంతా చొక్కా చేతులు నోట్లో కుక్కుకున్నాం. ఏడ్చే ఇంట్లో నవ్వొస్తే ఏం చేస్తాం?

ఆ నవ్వు అక్కడితో సరి. పెళ్లాం పిల్లలతో వచ్చి దిగాడు. అజిన్‌ని ఎగువూళ్లో నూనె గానుగవాళ్లింటికి చిన్నకోడలిగా పంపేస్తానన్నాడు. ఏడేళ్ల పిల్ల! అక్కడ చాకిరీ చేస్తూ పెరిగి, చివరికి ఆ ఇంటి కుర్రాడికే పెళ్లాం కావాలి. "నేను పంపను" అంది ఈమె. "అమ్మా, ఈ ఇంటికి మగవాణ్ణి నేను" అన్నాడు, ఎంతో మర్యాదగా. ఆమె మొగుడి సమాధి దగ్గరకి వెళ్లొచ్చేలోగా పిల్లని పడవెక్కించేశాడు.

అప్పుడేం చేసిందనుకున్నావ్? తిన్నగా పట్నం కచేరీకెళ్లి, "నా కొడుకు నా మాట వినట్లేదు దొరా" అంది. కొడుకు మాట వినకపోతే నేరమే, తల్లి నోటిమాటకి సాక్ష్యం అక్కర్లేదు ఆ రోజుల్లో. అధికారి వాణ్ణీ మా పెద్దల్నీ పిలిపించి, ఆ గడ్డాన్నీ ఈమెనీ మార్చి మార్చి చూసి, "ఇతనా నీ కొడుకు?" అన్నాడు. "మా పెద్దల్నే అడగండి." కాదని ఎలా అంటారు వాళ్లు! గుయిషెంగ్‌ని బోర్లా పడుకోబెట్టి వెదురు బద్దలతో బాదారు. తలుపుచెక్క మీద మోసుకొచ్చారు ఇంటికి. మాకు సంతోషమే, సంతోషం లేదని ఎందుకనాలి. కానీ ఆమె వెళ్లింది అందుకా? వాణ్ణి కొట్టడం అవగానే ఆ కచేరీలోనే, "మరి నా పిల్ల దొరా?" అంది. "ఏ పిల్ల? నీకేమవుతుంది?" అంటూ అధికారి పెద్దలకేసి చూశాడు. ఏమీ కాదన్నారు, అందరూ ఒకే గొంతుతో. గడ్డంవాడేమో కొడుకట, గంజి పోసి పెంచుకున్నదేమో ఏమీ కాదట. థూ!

ఇంక తావ్‌మెయ్ తన ఇంటి గడప తొక్కలేదు. ఇల్లూ పొలమూ వాడికే వదిలేసి, ఎగువూరెళ్లి, ఆ గానుగవాళ్లింట్లోనే పాచిపనికి కుదిరింది. చచ్చేదాకా చేసింది.