వరదగుడి

ఆ ఏడు జూలైలో వానల్లేవు. గణపవరంలో ఎండిన నారుమడి గట్టున వెస్లీ చెల్లెలి మీద విరుచుకుపడ్డాడు.

"మబ్బుల మీద పీహెచ్‌డీ చేస్తున్నావుగా! సూర్యుడి చుట్టూ వరదగుడి కట్టింది, వానొస్తుందని విత్తనాలు జల్లాను. వద్దని చెప్పొద్దా?"

విక్టోరియాకు ఒళ్లు మండింది. "ఫోన్లో చెప్పాను అన్నయ్యా. అది ఎంతో ఎత్తున ఉండే పల్చటి మంచుమబ్బు, దాన్నుంచి చినుకు రాలదన్నాను. ఆడదానికి వ్యవసాయం ఏం తెలుసని పెట్టేశావు."

వెస్లీ తల దించుకున్నాడు. "మీ వదిన కూడా నీ మాటే నమ్మమంది. చెయ్యి చేసుకున్నాను."

"అందుకా పుట్టింటికెళ్లింది? సిగ్గులేదూ! నారు మళ్లీ పోసుకోవచ్చు. ముందు మండవల్లి వెళ్లి క్షమించమని అడుగు."

"రానంటే?"

"రానంటే రాదు. అయినా అడుగు."