త్రిమూర్తులు పెళ్ళి సూటు

అబ్బులుగారని కొబ్బరికాయల వ్యాపారం చేసేవోడు, ఆయన కూతురు మాణిక్యానికి సంబంధం కుదిరిందనుకో. పెళ్ళికొడుకు త్రిమూర్తులు. మండపేటలో కరెంటు మోటార్లు బాగుచేసే షాపుంది ఆడికి. మంచోడే, వంక పెట్టడానికి లేదు, కానీ మాటాడడు. ఏదడిగినా "అలాగేనండి" అంటాడు, అంతే. అన్నం పెట్టమంటారా అంటే అలాగేనండి, పెళ్ళి వైశాఖంలో పెట్టుకుందామా అంటే అలాగేనండి. ఈడు మెత్తనోడా, లోపల గర్వమా, నా పిల్ల ఈడితో ఎలా ఏగుద్దిరా దేవుడా అని అబ్బులుగారికి లోపల్లోపల బెంగంట. సరే, మా వైపు పెళ్ళికొడుక్కి సూటు మావగారే కుట్టించాలి కదా, తెలుసుగా మీకు. ఊరేగింపులో సూటు లేకపోతే ఆడు పెళ్ళికొడుకే కాదు. అందుకని ఆయనేమన్నాడంటే, ఈ పని నేనెవరికీ వదల్ను, అల్లుణ్ణి ఎంటబెట్టుకుని నేనే రాజమండ్రి ఎళ్తాను, పెళ్ళిలో చూస్తే పెళ్ళికొడుకులా ఉండాలి, రేప్పొద్దున్న నలుగురిలోకి ఎళ్ళినా ఎబ్బెట్టుగా ఉండకూడదు, అలాంటి సూటు ఏరతాను అన్నాడంట. అని, తీరా షాపులోకి ఎళ్ళేసరికి ఏమైందంటే, ఆ షాపోడు ఒకదాని మీదొకటి తానులు పరిచేసేడు. అందులో మీగడరంగుది ఒకటి, మీద సన్నగా జరీ చార, దీపం వెలుతుర్లో తళుక్కుమంటుంది. అబ్బులుగారి కళ్ళు దాని మీదే నిలబడిపోయినియ్. నలుగురిలోకీ, రేప్పొద్దున్నా, అన్నీ మర్చిపోయేడు. బాబూ ఇదెలా ఉంది అంటే, ఇంకేటంటాడు, అలాగేనండి అన్నాడు.

ఆ షాపు ముందర మస్తాన్‌గారని టైలరు మాస్టారు కూచునేవోడు, పెద్దాయన. టేపు తీసుకుని లేచి కొలతలు మొదలెట్టేడు. భుజాలు కొలిచేడు, ఛాతీ కొలిచేడు, కుడిచెయ్యి కొలిచేడు. ఎడమచెయ్యి దగ్గరికొచ్చేసరికి త్రిమూర్తులే చొక్కా బొత్తం ఊడదీసి చెయ్యి పైకి మడిచి, "మాస్టారూ, ఈ చెయ్యి కొంచెం కురచండి. చిన్నప్పుడు ఇరిగితే కట్టు వంకరగా అతుక్కుంది. చూసి కుట్టండి" అన్నాడంట. చూస్తే, మోచెయ్యి దగ్గర ఎముక ఇలా పక్కకి తిరిగి ఉంది, చెయ్యి పూర్తిగా చాపలేడు. మస్తాన్‌గారు అలాంటియి ఎన్ని చూసేడో, ఊఁ అని కొలుచుకుంటున్నాడు. అబ్బులుగారికి మాత్రం ఆ తాను చేతిలోంచి జారిపోయింది. పెళ్ళిచూపులకొచ్చినప్పుడు పొడుగుచేతుల చొక్కా, తాంబూలాలప్పుడు పొడుగుచేతుల చొక్కా. కుర్రోడు దర్జాగా ఉన్నాడనుకున్నాడు గానీ ఇందుకనుకోలేదు కదా పాపం. తల తిరుగుతోంది బాబూ, సూటు సంగతి తర్వాత చూద్దాం అని చెప్పి, అల్లుణ్ణి మెళ్ళో టేపుతో అక్కడే వదిలేసి బస్సెక్కేసేడు.

బస్సులో కూచున్నాడన్న మాటే గానీ, ఒంట్లో ప్రాణం లేదు. శుభలేఖలు పంచేసేం, పందిరికి చెప్పేసేం, ఇప్పుడేటి చెయ్యడం. ఆ వియ్యంకుడు గంగరాజు ఎంత తియ్యగా మాటాడేడు, ఈ ఒక్క ముక్క మింగేసేడే. ఇది దాచినోళ్ళు ఇంకెన్ని దాచేరో. నా పిల్లని నేనే గోతిలోకి తోస్తున్నాను కదరా అని ఒకటే కుమిలిపోతన్నాడు. ఇంటికొచ్చి పెళ్ళాంతో చెప్పేడు. ఆవిడ నెత్తిన చెయ్యెట్టుకుని కూలబడిపోయింది. ఈ పెళ్ళి జరగదు, రేపే ఎళ్ళి గంగరాజు మొహాన చెప్పేసొస్తాను అని ఈయన కేకలు. దొడ్లో వడియాలు పెడుతున్న మాణిక్యం ఆ కేకలు ఇని, చేతికి పిండితోనే వచ్చి గుమ్మంలో నిలబడింది. నిలబడి ఏమందంటే, "ఆ చెయ్యి సంగతి నాకు తెలుసు నాన్నా" అంది.

అప్పుడు చెప్పుకొచ్చింది. పెళ్ళిచూపులనాడు పెద్దోళ్ళందరూ లోపల ఫలహారాలు తింటా, ఈళ్ళిద్దర్నీ అరుగు మీద మాటాడుకోమని కూచోబెట్టేరు కదా. అప్పుడా అబ్బాయి ముందుగా చేసిన పని బొత్తం ఊడదీసి చెయ్యి చూపించడమంట. ముందిది చూడండి, చూసేక మీకిష్టమైతేనే మాటాడుకుందాం అన్నాడంట. నొప్పిగా ఉంటాదా అని ఇది అడిగిందంట. చలికాలం కొంచెం లాగుద్దండి, పనికి అడ్డం రాదు, ఈ చేత్తోనే మోటారుకి తీగ చుడతాను అన్నాడంట. ఇంక అక్కడితో నాకు మనసైపోయింది నాన్నా అంది. మరి నాకెందుకు చెప్పలేదే అని అబ్బులుగారు గట్టిగా అడిగితే, అదేమందో ఇనండి: "నువ్వు ఆ చెయ్యి చూస్తావు గానీ మనిషిని చూడవని భయమేసింది. నాలుగుసార్లు వచ్చి కూచుంటే మనిషి తెలుస్తాడు కదా, అప్పుడు చెబుదామనుకున్నాను. తప్పే." ఈయన మంచం మీద కూచుని నేల చూపులు చూస్తన్నాడు.

ఇంతలో ఏమైందంటే, దీపాలు పెట్టే ఏళకి త్రిమూర్తులు వచ్చేడు. వెనకాల బస్సుకి వచ్చేసేడంట, పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా తాగలేదు. రండి కూచోండి అంటే గుమ్మం ఎక్కలేదు, వాకిట్లోనే నిలబడ్డాడు. ఎప్పుడూ అలాగేనండి తప్ప అననోడు, ఆ రోజు నోరిప్పేడమ్మా. "మావయ్యగారూ, మాణిక్యంగారు మీకు చెప్పేరనుకున్నాను. మీరలా ఎళ్ళిపోయేక తెలిసింది, మీకు తెలీదని. నా మీద కోపముంటే మాట వెనక్కి తీసుకోండి. మా నాన్నకి నేనే సర్ది చెప్పుకుంటాను, మీ ఇంటి పేరు ఎక్కడా రాకుండా చూసుకుంటాను. కానీ మోసం చేసేనని మాత్రం అనుకోకండి." ఇంత మాటాడేడు, ఒక్క ఊపిరిన. మరి మీ నాన్నగారెందుకు చెప్పలేదు బాబూ అని అడిగేడు అబ్బులుగారు. దానికా అబ్బాయి, ఆ కట్టు కట్టించింది ఆయనేనండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళకుండా ఊళ్ళోనే కట్టించేడు, అప్పణ్ణించి ఈ చెయ్యి మాటెత్తితే ఆయనకి కళ్ళంట నీళ్ళొచ్చేస్తాయి, నేనే ఎత్తనివ్వను అన్నాడంట.

అబ్బులుగారికి గుండెల మీంచి బండ దింపినట్టైపోయింది. లేచెళ్ళి ఆ కురచ చెయ్యే పట్టుకుని లోపలికి తీసుకొచ్చేడు. "బాబూ, మీరు మాటాడరని ఇన్నాళ్ళూ నా బెంగ. ఇవాళ తీరిపోయింది. ముందు అన్నం తినండి, రేపు మళ్ళీ రాజమండ్రి ఎళ్దాం" అన్నాడు. పెళ్ళాం చారు ఏడిపెట్టేసింది, గబగబా గుడ్లు వేపేసింది, ఆ కుర్రోడు ఆవురావురుమని తింటా ఉంటే అందరూ చూస్తా కూచున్నారంట.

పొద్దున్నే బయల్దేరేరు, ఈసారి మాణిక్యం కూడా. పెళ్ళికాకుండా పిల్లని తీసుకెళ్ళడమేటని ఇరుగమ్మలు పొరుగమ్మలు మూతులు తిప్పేరు, తిప్పుకోనీ. షాపోడు మళ్ళీ ఆ మీగడరంగుది పరిస్తే, పిల్ల దాన్నలా పక్కకి తోసేసి, ముదురు నీలం తాను ఒకటి లాగింది. చార లేదు, మెరుపు లేదు, చేత్తో ముట్టుకుంటే చల్లగా ఉంది. ఇదైతే పెళ్ళిలోనూ బాగుంటుంది, కోటు ఒక్కటీ ఇంకో పాంటు మీదేసుకున్నా బాగుంటుంది, పాంటు ఒక్కటీ తెల్లచొక్కా మీదకి బాగుంటుంది, ఎండాకాలం ఉక్కబొయ్యదు అంది. అబ్బులుగారు మీగడరంగు తాను వంక ఓసారి చూసి, పోన్లే అన్నాడు. మస్తాన్‌గారు, ఎడమచేతికి లోపల కొంచెం దూదెట్టి పొడుగు చేసి కుడితే తేడా ఎవరికీ తెలీదు, అలా కుట్టమంటారా అని అడిగేడంట. త్రిమూర్తులు మాణిక్యం వంక చూసేడు. అది తల అడ్డంగా ఊపింది. "వద్దు మాస్టారూ, ఉన్నదాన్ని బట్టే కుట్టండి" అన్నాడు.

పెళ్ళినాడు ఆ నీలం సూటులో ఆ అబ్బాయిని చూడాలి మీరు. కోటు చేతులు రెండూ మణికట్టు దగ్గర సరిగ్గా ఆగినియ్, అచ్చం ఆడి కోసమే పుట్టినట్టుంది కోటు. చెయ్యి సంగతి ఎవరన్నా గమనించేరో లేదో గానీ, గమనించే పని లేకుండా అబ్బులుగారే వచ్చినోళ్ళందరికీ చెప్పేసుకున్నాడు, మా అల్లుడు ఈ చేత్తోనే మోటార్లు చుడతాడని. గంగరాజు ఓ మూల నిలబడి కండువాతో మొహం తుడుచుకుంటానే ఉన్నాడు. ఆ సూటు తర్వాత త్రిమూర్తులు తమ్ముడి పెళ్ళికేసేడు, షాపు రెండోది తెరిచిననాడేసేడు, పిల్లోణ్ణి కాలేజీలో చేర్చిననాడు కోటొక్కటీ ఏసేడు. ఇప్పటికీ ఉంది.

అబ్బులుగారికి రెండో పిల్ల కూడా ఉందిలెండి. ఆ అల్లుడికి రెండు చేతులూ తాటిదూలాల్లా సమానంగా ఉంటాయి, ఏ వంకా లేదు. ఆడికి సూటు కొనడానికి రాజమండ్రి అయ్యింది, కాకినాడ అయ్యింది, విజయవాడ కూడా అయ్యింది. ఒక్కటీ నచ్చలేదంట మహానుభావుడికి.