మూడున్నర అంగుళాలు

హలో… ఆ ఆ, నేనే అక్కా… ఎక్కడేంటి, నీ కిందనే. నువ్వు మూడో అంతస్తులో అద్దాల గదిలో, నేను రెండో అంతస్తు బాత్రూమ్‌లో…

లేదు, కడుపు బాగానే ఉంది. గడియ పెట్టుకుని కూర్చున్నానంతే.

…ఆ, లోపలికి తీసుకెళ్ళారు. బల్ల మీద కూర్చోబెట్టి, గడ్డం గుండెకి ఆనించి ముడుచుకోమన్నారు. వీపుకి చల్లటి దూది రుద్దారు. మత్తు డాక్టరమ్మ వేలు పెట్టి వెన్నుపూసలు ఒక్కొక్కటే లెక్కపెడుతోంది… అది వట్టి వేలే అక్కా! నాకు ఒళ్ళంతా జలదరించింది. అర్జంటు అని చెప్పి లేచొచ్చేశాను. దారిలో నీ మరదలి చేతిలోంచి ఈ ఫోను లాక్కున్నా.

భయమా? నాకా?… ఇరవై ఏళ్ళుగా సోఫాలు కుట్టేవాణ్ణి, జానెడు సూదితో బతికేవాణ్ణి, నాకు సూదంటే భయమా?… నవ్వకు. అదే కదా నా కర్మ! సూది సంగతి తెలియనివాడు హాయిగా పొడిపించుకుంటాడు. నాకు తెలుసు. దళసరి తోలులో సూది దించుతుంటే ముందు సాగుతుంది… సాగుతుంది… ఇంక దిగదులే అనుకునేలోపు 'టప్' మంటుంది. ఆ టప్పు వేళ్ళకి తెలుస్తుంది. నిన్న డాక్టరమ్మ ఏమందో తెలుసా? "వెన్నులో దిగేటప్పుడు నా చేతికి చిన్న టప్ తెలుస్తుందండీ, అక్కడ ఆగిపోతాను" అంది. నాకు పళ్ళు జివ్వుమన్నాయి.

…ఆ, సూది చూపించమన్నాను. చూపించింది. టేపు జేబులోనే ఉంది కదా, కొలిచాను. మూడున్నర అంగుళాలు!

…ఆవిడ ముందే కొలిచా, ఏం తప్పా? మా షాపులో సూదికి మైనం రాస్తాం, జారుడుగా దిగుతుంది, ఓ ముక్క ఇవ్వనా అని కూడా అడిగాను… నవ్వలేదు. కాగితం మీద ఏదో రాసుకుంది.

వస్తున్నా నర్సమ్మా! రెండు నిమిషాలు!

…పూర్తిగా నిద్రపుచ్చేయండి మహాప్రభో అనీ అడిగాను. సరే అనబోయారు. ఈలోపు నీ మరదలు, "ఈయన గురకపెడతారండీ, మధ్యమధ్యలో ఊపిరి కూడా ఆగిపోతుందండీ" అని అందించింది. అంతే, నిద్ర వద్దు, వెన్నులోనే అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ నాకోసం ఒక్క అబద్ధం ఆడాల్సిన రోజు అదే. ఆడలేదు.

అసలు నన్నిలా చేసింది నువ్వే. కాదా? చిన్నప్పుడు థర్మాకోలు ముక్కలు రెండు తెచ్చి నా చెవి దగ్గర కీచుకీచుమని రుద్దేదానివి. నేను గోడ పట్టుకుని ఏడుస్తుంటే స్టీలు గిన్నె గీకేదానివి… ఆ, బాగానే గుర్తుంది నీకు!

సరే, ఒక మాట. రేపు చేయించుకుంటా. ఒట్టు. ఒక్కరోజులో కొంపేం మునుగుతుంది?

…

తెలుసులే. నీ ఎముకల్లో మూలుగంతా వారం రోజులుగా మందులెక్కించి చంపేశారని తెలుసు. నా నడుము ఎముకలోంచి తీసింది ఎక్కితేనే నీకు మళ్ళీ రక్తం పుడుతుందనీ తెలుసు. పెద్ద డాక్టరు నాకు మూడుసార్లు చెప్పి సంతకం పెట్టించుకున్నాడు. అన్నీ తెలిసే గడియ పెట్టుకున్నాను. ఇంతకంటే వెధవ ఉంటాడా?

అయినా నీకేం, మంచం మీద పడుకుని ఎన్ని ధైర్యాలైనా చెబుతావు. ఒక్కసారి వెన్నులో పొడిపించుకుని చూడు, తెలుస్తుంది…

ఏంటి?

…ఎన్ని?

…పదకొండా?

ఉన్నా… వింటున్నా.

మరి నేను ఆదివారాలు ఫోన్ చేస్తే, "టానిక్ ఎక్కించార్రా, అంతే" అనేదానివి?… ఆ టానిక్ అంటే వెన్నులోకి ఎక్కించిన మందేనా? తల బద్దలైపోతోంది, లేవలేను, పడుకునే మాట్లాడతా అనేదానివి… దానివల్లేనా అదంతా? నేనేమో సోఫా స్ప్రింగుల గురించి అరగంట చెప్పేవాణ్ణి. నువ్వు ఊఁ కొట్టేదానివి.

నాకెందుకు చెప్పలేదు?

…వింటే కళ్ళు తిరిగి పడిపోతాననా?

ఎంత మాటన్నావక్కా!… లేదులే, నిజమే. పడిపోయేవాణ్ణే.

పక్కన ఎవరుండేవారు, బావేనా?… లోపలికి రానివ్వరా. మరి నీ చెయ్యి ఎవరు పట్టుకునేవారు?… పదకొండుసార్లూనా?

…

ఏంటీ? మళ్ళీ చెప్పు?… "భయమైతే వద్దులే, ఇంటికెళ్ళిపోరా" అంటావా? ఇంటికెళ్ళిపోవాలా నేను? నోర్మూసుకో! పెద్దదానివని ఊరుకుంటుంటే ఏదిపడితే అది మాట్లాడతావేంటి? ఇంకోసారి ఆ మాటంటే నీ మొహం చూడను, చెబుతున్నా!… ఏడవట్లేదు. ఇక్కడ ఫినాయిలు వాసన.

నర్సమ్మా, తీస్తున్నా! తప్పుకోండి!

…లేదు, పెట్టెయ్యకు. లైన్లోనే ఉండు. నువ్వు పదకొండూ ఒక్కదానివే పొడిపించుకున్నావు, నాకు ఒక్కదానికే తోడు కావాలి. అవును, నాకు సిగ్గులేదు… డాక్టరమ్మా, కోప్పడకండి, పైన మా అక్క. ఒక్క నిమిషం ఇది చెవి దగ్గర పట్టుకోనివ్వండి… పట్టుకోండి నర్సమ్మా, మీకు పుణ్యముంటుంది.

ముడుచుకున్నా… ఏదో ఒకటి మాట్లాడక్కా. తిట్టు, పరవాలేదు… ఊఁ… ఊఁ… అమ్మా!… ఊఁ, చెప్పు… చెప్పు…

అయిపోయిందా? ఇంతేనా?

అక్కా, దిగిందట! అక్కా?… ఇదేంటి, నువ్వేడుస్తావేంటి? పొడిచింది నన్ను కదా!… అయ్యో, ఊరుకో… నర్సమ్మా, కట్ చెయ్యకండి, మా అక్క ఇంకా—