నలభైయా, పద్నాలుగా

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు, జూబ్లీహిల్స్‌లోని ఒక ఆసుపత్రి నాలుగో అంతస్తులో, కమలాకర్ అనే డబ్బింగ్ కళాకారుడికి పద్నాలుగు యూనిట్లు వెయ్యవలసిన ఇన్సులిన్ నలభై యూనిట్లు వేశారు. మూడున్నరకు అతని షుగర్ ముప్పై ఎనిమిదికి పడిపోయింది. నాలుగున్నరకు తేరుకున్నాడు. ఇంజెక్షన్ వేసింది స్టాఫ్ నర్సు జెరూష. ఆమె రెండు చెవులకూ మిషన్లు పెట్టుకుంటుంది. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకుంటుంది. ఐదున్నరకు నర్సింగ్ సూపరింటెండెంట్ ఫిలోమినా ఆమెను తన గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"ఇంకా రాయలేదా?"

"రాయలేదు మేడమ్."

"రాయడానికి ఏముంది జెరూషా, రెండు లైన్లు. 'డాక్టర్‌గారి ఆర్డర్ వినడంలో నా వల్ల పొరపాటు జరిగింది.' కింద సంతకం. ఆరింటికి కమిటీ కూర్చుంటోంది. పైనుంచి ఫోన్ రాగానే కాగితం పంపించాలి."

"ఆయనకి సెలైన్ తీసేశారా?"

"సెలవా? ఇప్పుడు సెలవెవరిస్తారు నీకు?"

"సెలైన్ మేడమ్. కమలాకర్‌గారికి."

"ఓ, అదా. లేదు, ఎక్కుతోంది. గంటగంటకీ షుగర్ చూస్తున్నారు. నూట ముప్పై ఉంది. ఆయనకేం ఫర్లేదు. నీ సంగతి చూసుకో."

"మేడమ్, అది..."

"అదీ లేదు ఇదీ లేదు. ముందు నన్ను చెప్పనివ్వు. నీ మంచికే చెబుతున్నాను. వినడంలో పొరపాటని రాస్తే ఎవరూ నిన్ను తప్పు పట్టరు. దేవుడిచ్చిన లోపం, నువ్వేం చేస్తావు? జాలిపడతారు."

"జాలిపడి?"

"జాలిపడి రికార్డ్ రూమ్‌లో వేస్తారు. ఉద్యోగం పోదు. నేను మాట్లాడి ఉంచాను."

"రికార్డ్ రూమ్‌లో రోగులుండరు మేడమ్."

"ఫైళ్లుంటాయి. ఫైళ్లు గొణగవు, మాస్కులు పెట్టుకోవు. హాయిగా ఉంటుంది నీకు."

"నాలుగేళ్లు నర్సింగ్ చదివింది ఫైళ్ల కోసం కాదు. ఇక్కడికి రాకముందు ఆరు ఆసుపత్రులు తిరిగాను. మార్కులు చూసి కూర్చోమనేవాళ్లు, చెవి మిషన్లు చూసి లేవమనేవాళ్లు. ఏడోది ఇది. మీరు లేవమనలేదు."

"అందుకే చెబుతున్నాను. నిన్ను తీసుకుంది నేను. నీతో మాట్లాడేటప్పుడు డాక్టరైనా సరే మాస్కు దించాలని రూలు పెట్టింది నేను. మీ వార్డు ఫోన్‌కి ఎర్ర లైటు పెట్టించింది నేను. ఇప్పుడు పైన అందరూ అడిగేది నన్నే. చెవిటిపిల్లని వార్డులో ఎందుకు పెట్టావమ్మా అని."

"మీ ఎక్స్‌టెన్షన్ కాగితం కూడా ఇవాళే వాళ్ల ముందుకొస్తోందట."

"ఏంటి?"

"ఎక్స్‌టెన్షన్. ఏప్రిల్లో మీ రిటైర్మెంట్ కదా. ఇంకో రెండేళ్లు పొడిగించమని అడిగారటగా."

"దానికీ దీనికీ ముడిపెట్టకు. ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. క్యాంటీన్ అద్దంలో వెనక బల్ల దగ్గరున్నవాళ్ల పెదవులు కనబడ్డాయి. దాంతోపాటు ఇంకోటి కూడా అన్నారు. వినబడక మనిషిని చంపబోయిన నర్సు అని."

"వాళ్ల నోళ్లకేం. నాలుగు రోజులు అంటారు, మానేస్తారు."

"నోళ్లు మానేస్తాయి. కాగితం మానదు. రేపు నేను ఏ ఆసుపత్రికి వెళ్లినా నాకంటే ముందు అది వెళ్తుంది. నా సంతకంతో. ఇంకెవరూ నన్ను మంచం పక్కన నిలబడనివ్వరు."

"మరేం చేద్దామంటావు?"

"జరిగింది జరిగినట్టు చెప్పుకుందాం. నాకు తెలిసింది నేను చెబుతాను. తప్పుంటే ఆపండి. రెండింటికి కమలాకర్‌గారి షుగర్ నాలుగొందల ఇరవై. డాక్టర్ శ్రీకృష్ణగారికి మెసేజ్ పెట్టాం. ఫోన్‌లో ఆర్డర్లు తీసుకునేది నాతో డ్యూటీ చేసే హిమజ. హిమజ వేరే పేషెంటుని స్కానింగ్‌కి తీసుకెళ్లింది. నేను ఫోన్ తీసుకోను, అది నా అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లోనే ఉంది. అప్పుడే మీరు రౌండ్స్‌కి వచ్చారు. ఫోన్ మీద లైటు వెలిగింది. మీరు ఎత్తారు."

"ఎత్తాను. ఎవరూ లేకపోతే ఎవరో ఒకరు ఎత్తాలిగా. ఆయన కార్లో ఉన్నారు, ఫిల్మ్‌నగర్ రోడ్డు మీద. ఒకటే హారన్లు. పద్నాలుగు అన్నారు. నేనూ నీకు పద్నాలుగే చెప్పాను."

"ఏ భాషలో చెప్పారు?"

"భాషేంటి? మందు డోసు ఏ భాషలో చెబుతాం? ఫోర్టీన్ అన్నాను."

"నాకు ఫోర్టీన్, ఫోర్టీ రెండూ ఒకటే మేడమ్. పెదవుల మీద ఒకేలా ఉంటాయి. అది ఇవాళ తెలిసిన సంగతి కాదు, కాలేజీలో మొదటి ఏడే తెలుసు. అందుకే ఎవరు ఏ అంకె చెప్పినా తెలుగులోకి మార్చి అడుగుతాను. పద్నాలుగు అంటే పెదవులు మొదట్లో కలుస్తాయి. నలభై అంటే చివర్లో కలుస్తాయి. పొరపాటు పడే వీల్లేదు. వార్డులో నన్ను ఎక్కాల టీచరని పిలిచేది అందుకే."

"తెలుసులే."

"మిమ్మల్నీ అడిగాను. 'నలభైయా, పద్నాలుగా' అని. నలభై అన్నప్పుడు నాలుగు వేళ్లు చూపించాను కూడా. మీరు నలభై అన్నారు. పెదవులు చివర్లో కలిశాయి."

"నేననలేదు."

"కమలాకర్‌గారు నవ్వారు కూడా మేడమ్. 'ఏందమ్మా, నా ఇంజెక్షన్‌కు గూడ తెలుగు డబ్బింగ్ చెప్తున్నవా' అన్నారు."

"షుగర్ నాలుగొందలు దాటి మగతలో ఉన్న మనిషి. ఆయన మాట కమిటీలో నిలబడదు."

"నా మాట?"

"నీ మాట అసలే నిలబడదు. అది నేను చెప్పాలా నీకు? ఒకవైపు ముప్పై ఆరేళ్ల సర్వీసున్న సూపరింటెండెంటు. ఇంకోవైపు నువ్వు. ఇద్దర్లో ఎవరు తప్పు విన్నారంటే, రోడ్డు మీద పోయేవాణ్ని అడిగినా ఏం చెబుతాడు?"

"నన్నే చూపిస్తాడు."

"మరి? ఆ మాత్రం తెలిసినదానివి..."

"మేడమ్, మీ వెనక..."

"నా వెనక ఎవరూ లేరు జెరూషా. మేనేజ్‌మెంటు లేదు, డాక్టర్లు లేరు. నీ వెనక నేనున్నాను, అది గుర్తుపెట్టుకో. ఊఁ, చెప్పు. తర్వాత?"

"తర్వాత సిరంజి నిండా మందు తీశాను. ఇంతెక్కువా అని మళ్లీ అడిగాను. 'షుగర్ అంతుంది మరి, డాక్టర్‌గారే చెప్పారు' అన్నారు. ఇన్సులిన్‌కి రెండో సంతకం కావాలి, పెట్టండి అన్నాను. 'నువ్వు వేసెయ్, తర్వాత పెడతాను' అని పక్క వార్డుకి వెళ్లిపోయారు."

"అదిగో. రెండో సంతకం లేకుండా ఎలా వేశావు?"

"అది నా తప్పు."

"చూశావా మరి!"

"అది తప్పే మేడమ్. వేరే ఎవరైనా చెప్పి ఉంటే వేసేదాన్ని కాదు. చెప్పింది మీరు కదా అని వేశాను. మూడున్నరకు ఆయనకి చెమటలు పట్టడం, వేళ్లు వణకడం చూసింది కూడా నేనే. ముప్పై ఎనిమిది ఉంది. పరుగెత్తుకెళ్లి గ్లూకోజ్ పెట్టాను. రెండో సంతకం లేకుండా వేశానని రాయమంటే ఇప్పుడే రాస్తాను. దానికి ఏ శిక్ష వేసినా పడతాను. తప్పు విన్నానని మాత్రం రాయను."

"ఒకే మాట ఎన్నిసార్లు చెప్పాలి నీకు? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు... అయ్యో. అది కాదమ్మా. నోరు జారింది. నిన్ననలేదు."

"ఫర్లేదు మేడమ్. శంఖం నాకు వినబడుతుంది. మిషన్లు పెట్టుకుంటే గంటలు, అలారాలు, గిన్నెల చప్పుడు అన్నీ బాగానే పడతాయి. మాటలే ముక్కలుముక్కలుగా వస్తాయి."

"తల దించుకుని గొణుగుతావేంటి? ఇటు చూసి చెప్పు."

"ఆ మాట రోజూ నేను అందరికీ చెప్పేది."

"ఏ మాట?"

"ఇటు చూసి చెప్పమని."

"వేళాకోళం ఆడే టైమా ఇది?"

"వేళాకోళం కాదు మేడమ్. ఒకటడుగుతాను. ఫోన్‌లో విన్న డోసు డాక్టర్‌గారికి తిరిగి చెప్పారా?"

"తిట్టి చెప్పడమేంటి? డాక్టర్‌ని నేనెందుకు తిడతాను?"

"తిట్టి కాదు మేడమ్. తిరిగి. విన్న డోసు మళ్లీ వాళ్లకే చెప్పి, అవునన్నాకే ఫోన్ పెట్టెయ్యాలి కదా. మాకు నేర్పింది మీరే. 'తిరిగి చెప్పని నర్సు, చూడకుండా రోడ్డు దాటే మనిషి' అని ప్రతి ఫోన్ పక్కనా కాగితం అంటించారు."

"చెప్పాననుకుంటా."

"అనుకుంటారా?"

"చెప్పాను. ఆ హారన్ల మోతలో ఆయనకి వినబడిందో లేదో."

"మీరు చెప్పలేదంటున్నారు ఆయన. హిమజకి మెసేజ్ పెట్టారు. 'ఫోర్టీన్ అన్నాను, మేడమ్ ఓకే ఓకే అని పెట్టేశారు' అని. చూపించమంటారా?"

"వద్దు."

"మేడమ్..."

"వద్దన్నానా! ఎవరెవరు ఏమేం మెసేజ్‌లు పెట్టుకున్నారో నాకనవసరం."

"ఎత్తరా మేడమ్?"

"ఏంటి నెత్తిన ఎత్తుకునేది? నీ తప్పు తెచ్చి నా నెత్తిన పెట్టుకోమంటావా?"

"నేనన్నది అది కాదు."

"ఇంకేదీ కాదు. ముప్పై ఆరేళ్లు జెరూషా! ఉస్మానియాలో ట్రైనింగ్ అయిన దగ్గర్నుంచి ఒక్క మెమో లేదు, ఒక్క మరక లేదు. పొద్దున్నే ప్రార్థన చేసుకుని, ఆ తెల్లచీర కట్టుకుంటేనే నేను మనిషిని. ఆదివారం ఇంట్లో ఉంటే ఆ గోడలు కరవొస్తాయి నన్ను. ఈ పని తప్ప నాకేం వచ్చు, చెప్పు?"

"నాకూ ఇదొక్కటే వచ్చు మేడమ్."

"నీకు ఇరవై ఏడేళ్లు. ఏదైనా నేర్చుకోగలవు. నేనిప్పుడు ఏం నేర్చుకోను?"

"చిన్నప్పుడు మా నాన్న నన్ను అద్దం ముందు కూర్చోబెట్టి మాటలు నేర్పాడు. నోరు కదిపి, గొంతు తియ్యకుండా. పాప, బామ్మ, మామ మూడూ ఒకేలా కనబడేవి. ఏడ్చేదాన్ని. నాన్న ఒకటే చెప్పాడు. వినబడలేదని చెప్పడం సిగ్గు కాదురా, వినబడినట్టు తలూపడం సిగ్గు అని. నేను ఈ ఆసుపత్రిలో మూడేళ్లుగా ఒక్కసారి కూడా ఊరికే తలూపలేదు మేడమ్."

"ఇప్పుడు ఆ కథలెందుకు?"

"వార్డు ఫోన్‌కి లైటు ఎప్పుడు పెట్టించారు?"

"నువ్వు చేరిన నెల కాదు, ఆ తర్వాతేడు. ఎందుకు?"

"ఎవరి కోసం?"

"నీ కోసమే. ఇంకెవరి కోసం?"

"నేను ఫోన్ ఎత్తను కదా మేడమ్. ఎత్తకూడదని మీరే రాసిచ్చారు."

"ఎత్తకపోయినా మోగుతోందని తెలియొద్దూ?"

"మోగితే నాకు వినబడుతుంది. గంటలు వినబడతాయని ఇప్పుడే చెప్పాను."

"అబ్బబ్బా, లైట్లూ గంటలూ! అవతల ఆరవుతోంది. నా మాట విని సంతకం పెట్టు తల్లీ. నీ అదృష్టం బాగుండి పైనుంచి ఇంకా ఫోన్ రాలేదు."

"వచ్చింది మేడమ్."

"ఎప్పుడు? నేనిక్కడే ఉన్నానుగా."

"నేనీ కుర్చీలో కూర్చున్న దగ్గర్నుంచి, మీ వెనక అలమర మీద ఫోన్ మూడుసార్లు మోగి ఆగింది. ఇది నాలుగోసారి. ఇంకా మోగుతోంది."