మడ అడవికి మార్కులు

నూకరత్నం టీ బడ్డీ దగ్గర పొద్దున్నే జనం చేరారు. మన మడ అడవిని తనిఖీ చేసేవాళ్లు ఇవాళ మళ్లీ వస్తున్నారని కబురు. ఇక సత్తియ్య బాబాయ్ ఊరుకుంటాడా? పడవ నడిపే ఆయన చేతిలో గెడ ఆగినా నోరు ఆగదు.

“వచ్చేది నాకోసమే. కిందటేడాది అడవికి సర్టిఫికెట్ వచ్చిందంటే ఎవరివల్లనుకున్నారు? వాళ్లని తిప్పింది నా పడవలోనే. ఆయ్, గెడేసిందీ నేనే.”

“అది గవర్నమెంటు అడవి కదా బాబాయ్, బయటివాళ్లు మార్కులెయ్యడమేంటి?” అన్నాడు వీరబాబు.

“మంచి మాటడిగావు. నీ పరీక్ష పేపరు నువ్వే దిద్దుకుంటే నూటికి నూటపది రావూ? అందుకని ఎవరికీ చుట్టం కానివాళ్లని పిలుస్తారు. అడవిని సరిగ్గా కాస్తున్నారా, చెట్టు పోయినచోట మొక్క పెడుతున్నారా, చేపల వేటకెళ్లే మనల్ని తరిమేస్తున్నారా, అన్నీ చూస్తారు. బాగుంటేనే సర్టిఫికెట్. అదుంటేనే మన ఆడవాళ్ల సంఘం తీసే అడవి తేనెని పట్నం కంపెనీ కొనేది.”

“తేనె తీసేవాళ్లం, ఆ సంగతి మాకు తెలుసులే. నీ గొప్ప చెప్పు” అంది నూకరత్నం, గ్లాసు అందిస్తూ.

“చెప్తా. తనిఖీకొచ్చిన కళ్లజోడాయన పడవెక్కగానే ‘ఇక్కడ చెట్లెన్ని సత్తియ్యగారూ?’ అన్నాడు. గారూ అన్నాడండి, గమనించండి. గెడతో నీళ్లమీద ఓ దెబ్బేశాను. అంతే, బురదలోంచి మడ వేర్లన్నీ బళ్లో పిల్లల్లా లేచి నిలబడ్డాయి. ‘లెక్కెట్టుకోండి సార్’ అన్నాను.”

“మడ వేర్లు ఎప్పుడూ పైకే ఉంటాయి కదా?” అన్నాడు వీరబాబు.

“ఉంటాయి. వరసలో ఉంటాయా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? జంతువులు బాగున్నాయా అన్నాడు. ఈలేశాను. నీటికుక్కలు పిల్లాపాపల్తో ఒడ్డుకొచ్చి కూర్చున్నాయి. బావురుపిల్లి నోట్లో చేప కింద పెట్టి మరీ నమస్కారం చేసింది. ఇంతలో పాటు మొదలై నీళ్లు వెనక్కి పోతున్నాయి, పడవ బురదలో కూర్చునేలా ఉంది. సముద్రం వైపు తిరిగి ‘కాస్త ఆగవమ్మా, పెద్దోళ్లున్నారు’ అన్నాను. ఆగింది! సముద్రం కదలక ఆ పూట వేట సాగని ఉప్పాడ వలలోళ్లు నన్ను తిట్టని తిట్టు లేదు.”

“మరి సర్టిఫికెట్ ఎలా ఇచ్చారు?” వీరబాబు ముందుకు జరిగాడు.

“అక్కడికే వస్తున్నా. గోదారోళ్లం, వచ్చినోణ్ణి పస్తు పంపుతామా? ఆయన వద్దన్నాడు. వద్దంటే వదిలేస్తే అది మర్యాదెలా అవుతుంది? పడవలోనే పొయ్యి పెట్టాను. పీతలు వాటంతటవే ఎక్కొచ్చి, కాళ్లు మడుచుకుని, కుండలోకి దిగాయి. తిన్నాడండి, కుండ ఊడ్చేశాడు. ఆ బరువుకి పడవ మునగబోతే, అటూ ఇటూ చెట్లు వేర్లు చాపి ఎత్తి పట్టుకున్నాయి. అలా గాల్లో ఉండగానే, ఇగురులో పీత కాలు ముంచి సంతకం పెట్టి ‘సత్తియ్యగారూ, మీ అడవికి నూటికి రెండొందలు’ అన్నాడు!”

అందరూ పగలబడి నవ్వారు. నూకరత్నం మాత్రం నవ్వలేదు.

“బాబాయ్, తనిఖీకొచ్చినోళ్లు ఇక్కడ ఎవరిచేతిదీ ఏదీ తినకూడదు. కిందటేడాది నేను టీ ఇస్తే దణ్ణం పెట్టి వద్దన్నారు. నీళ్లు కూడా వాళ్లే తెచ్చుకున్నారు. మన చేతి నీళ్లు పనికిరాలేదా అని నాకెంత బాధేసిందో! తర్వాత తెలిసింది, తింటే మన మనుషులైపోతారు, ఇక వాళ్ల మాటకి విలువుండదని. ఇవాళ ఊళ్లో ఒక్కొక్కర్నీ పక్కకి పిలిచి, కిందటేడాది వచ్చినవాళ్లకి ఎవరైనా ఏమైనా పెట్టారా అని అడుగుతారట. నీ ఇగురు నిజమైతే సర్టిఫికెట్ పోయినట్టే. మా తేనె మేమే నాక్కోవాలి.”

సత్తియ్య గబగబా గ్లాసు ఖాళీ చేశాడు. అంతలో రోడ్డుమీద జీపు చప్పుడైంది.

“ముందు నిన్నే అడుగుతారు బాబాయ్. పడవ నీదేనన్నావుగా” అన్నాడు వీరబాబు.

“ఏ పడవ?” అన్నాడు సత్తియ్య. “వాళ్లొచ్చినప్పుడు నేనసలు ఊళ్లోనే లేను. సామర్లకోటలో మా బామ్మర్ది ఇంట్లో జొరంతో పడుకున్నాను.”

“మరి ఇగురో?”

“జొరంలో ఇగురేంట్రా!”

ఇప్పుడు నవ్వింది నూకరత్నం. “నాకు తెలుసు బాబాయ్. ఆ రోజు గెడేసింది మా ఆయనే. నీ నోటంట వినాలనే ఇంతసేపూ ఊరుకున్నాను. ఇదే మాట జీపులోవాళ్లకీ చెప్పు.”

సత్తియ్య ఖాళీ గ్లాసు బల్లమీద పెట్టాడు. ఆవిడ ఆయన గ్లాసు మళ్లీ నింపింది.

“తాగు. నువ్వెవరికీ మార్కులెయ్యక్కర్లేదుగా.”