దీపాల మధ్య తొట్టి

మెక్సికో నగరం పక్కన షోచిమిల్కో కాలువల నడుమ ఓ తోట ఇల్లు. చనిపోయినవాళ్ల పండుగకు ముందురోజు పొద్దున. ఎఫ్రోసీనా పోయినవాళ్ల ఫోటోలు పెట్టే పీఠాన్ని బంతిపూలతో అలంకరించింది. దాని మీదున్న గాజుతొట్టిలో ఒక ఆక్సోలోటల్ ఉంది, మొప్పలతో నీళ్లలోనే బతికే బల్లిలాంటి ప్రాణి. దానికేసి తొంగిచూస్తున్నాడు ఆక్సోలోటల్‌లను పెంచే మెల్కియాదెస్.

"ఆరు రోజుల్నుంచి తినకపోతే ఇవాళ చెబుతావా వదినా?"

"నీ పడవ ఇటు వస్తేగా చెప్పడానికి."

"ఏం పెడుతున్నావు?"

"ఎప్పుడూ పెట్టేదే, వానపాములు. మూతి దాకా తీసుకెళ్తే ముఖం తిప్పేస్తోంది."

"గులకరాయి గానీ మింగిందా?"

"తొట్టిలో రాయే లేదు. మావాడు సెల్సో అన్నీ ఎప్పుడో తీసేశాడు."

"మరి దీన్ని పీఠం మీదికి ఎందుకెక్కించావు?"

"ఈ ఏడు పూలు బాగా దొరికాయి."

"నేనడిగింది పూల గురించి కాదు."

"మా ఆయన ఫోటో పక్కన ఖాళీగా ఉందని పెట్టాను."

"ఆ ఖాళీలో సెల్సో ఫోటో పెట్టమని ఊరంతా..."

"ఊరంతా వాగుతుంది. రెండేళ్ల కిందట వాడి పడవ ఒక్కటే తిరిగొచ్చింది. నా కొడుకు శవం ఎవరైనా చూశారా? బతికున్నవాడి ఫోటో పీఠం మీద ఎలా పెట్టను?"

"పెట్టమనలేదులే."

"పెట్టకపోతే మరి... ఒకవేళ పోయినవాళ్లతో పాటు వస్తే, ఇంటి దారి తెలియొద్దూ. అందుకే వాడు పెంచినదాన్ని పెట్టాను. కొవ్వొత్తులు వెలిగించిన రోజు నుంచే ఇది నా చేతిది ముట్టడం మానేసింది. సాయంత్రమైతే కాలవలో తెడ్డు చప్పుడు వినిపిస్తోంది నాకు. ఇది అటే చూస్తుంది. వాడి చెయ్యి కోసం చూస్తోంది మెల్కియాదెస్. పోయినవాడి కోసమైతే చూస్తుందా?"

"నీళ్లలో చెయ్యి పెట్టు వదినా."

"ఎందుకు?"

"పెట్టు ముందు."

"గోరువెచ్చగా ఉన్నాయి."

"చుట్టూ పన్నెండు కొవ్వొత్తులాయె. ఇది చల్లనీళ్ల ప్రాణి, నీళ్లు వేడెక్కితే మేత ముట్టదు. ఎవరి కోసమూ చూడ్డం లేదు. ఇంకో రెండు రోజులు ఇక్కడే ఉంచితే చస్తుంది."

"తీస్తే తింటుందా?"

"తింటుంది. నీడలో పెట్టి, చల్లటి నీళ్లు కొంచెం కొంచెంగా కలుపుదాం."

"నేను పెట్టినా తింటుందా?"

"ఎవరు పెట్టినా తింటుంది."

"తినకపోతే?"

"నేను చెప్పింది తప్పని."

"తప్పే కావాలి మెల్కియాదెస్. తప్పే కావాలి."

ఎండ వాలాక, ఇంటి వెనక నీడలో.

"మొప్పలు ఆడిస్తోంది చూడు. ఇంకొంచెం దగ్గరగా పట్టు."

"మూతి దాకా పట్టాను."

"లాక్కుంది. చూశావా, గుటుక్కున మింగేసింది. ఇంకోటి పెట్టు... వదినా? ఏడుస్తావెందుకు, బతికిందిగా."

"పెట్టె అడుగున, సెల్సో తెల్లచొక్కా మడతలో వాడి ఫోటో ఉంది. చీకటి పడకముందే తెచ్చి పీఠం మీద ఆ ఖాళీలో పెట్టు."